వసపిట్ట నోరు మూసుకున్న రోజులు

ఆవలించబోయి దవడ కీలు జారిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. మూద్దామంటే మూతపడదు. మాట రాదు, గుటక పడదు, గడ్డం మీదుగా చొంగ కారుతూ ఉంటుంది. నొప్పి ఒక ఎత్తయితే సిగ్గు మరో ఎత్తు. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి అత్యవసర విభాగానికి అలాంటి మనిషొకాయన వచ్చాడు. బ్యాంకు ఉద్యోగి. మెడలో గుర్తింపు కార్డు ఇంకా అలాగే వేలాడుతోంది. వెంట వచ్చిన తోటి ఉద్యోగి, "మీటింగులో ఉన్నామండీ, ఆవలించాడు, అంతే" అని చెప్పి, నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"మీ మేనేజరు అంత బాగా మాట్లాడతాడా సార్?" అంది మంచం తలవైపు నిలబడిన నీలం యూనిఫాం ఆవిడ. "మా ఆయనకి ఇలాంటి ఆపద జన్మలో రాదు. నోరు తెరిస్తేగా జారడానికి! పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆవలించాడు. మా ఇంట్లో అదే ఆయన పెద్ద ఉపన్యాసం."

బ్యాంకు ఉద్యోగి నోటితో నవ్వలేడు కాబట్టి కళ్ళతో నవ్వాడు. బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి. ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్న డాక్టరమ్మ, గుడ్డ చుట్టిన బొటనవేళ్ళు వెనక పళ్ళ మీద ఆనించి దవడను కిందికి నొక్కి లోపలికి తోసింది. టక్కుమంది. ఆయన నోరు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. ఆ తర్వాత మొట్టమొదట అన్న మాట:

"మేనేజరుకి మాత్రం చెప్పకండి."

ఆ నీలం యూనిఫాం ఆవిడ నర్సు కాదు, డాక్టరు అంతకన్నా కాదు. కాంట్రాక్టు మనిషి. స్ట్రెచర్లు తోయడం, దుప్పట్లు మార్చడం, నెత్తురు తుడవడం, పిండికట్టు వేసేటప్పుడు కాలో చెయ్యో ఎత్తి పట్టుకోవడం ఆమె పని. విభాగంలో అందరూ ఆమెను వసపిట్ట అంటారు. పసితనంలో ఈమెకు వస చెంచాతో కాదు, చెంబుతో పోసి ఉంటారని నర్సుల అనుమానం. ఆమె దాన్ని ఖండించదు. "చెంబు ఖాళీ అయ్యాక ఇంకో చెంబు కూడా తెచ్చార్లే" అంటుంది.

ఆసుపత్రికి రాకముందు ఆమె చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడ మాట్లాడటం నేరం. మాట్లాడితే కుట్టు తప్పుతుందని సూపర్‌వైజరు వాదన. మనుషుల్ని పనిలోకి తీసుకునేటప్పుడు చేతులు మాత్రమే కావాలంటారు. ఆ చేతులతో పాటు ఒక నోరు కూడా లోపలికి వస్తుందని వాళ్ళకు ఎప్పుడూ చిరాకే. ఒకరోజు పక్క మిషను అమ్మాయి వేలిలో సూది దిగి విరిగింది. మన వసపిట్ట పెట్టిన కేకకు ఆ వరస వరసంతా ఆగిపోయింది.

"మిషన్లు ఆపించడానికి నువ్వెవరు?" అన్నాడు సూపర్‌వైజరు.

"వేలు ఆ పిల్లది, నోరు నాది. మధ్యలో మీదేం పోయింది?" అంది.

ఆయనదేమీ పోలేదు. ఆమె ఉద్యోగం పోయింది. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఈ ఆసుపత్రికే వచ్చింది. విరిగిన సూదిని బయటికి తీస్తున్నంతసేపూ ఆ సూపర్‌వైజరు నడకను, దగ్గును, టై సర్దుకోవడాన్ని వర్ణించి చెప్పింది. ఆ పిల్ల వేలి సంగతే మర్చిపోయి పకపకా నవ్వింది. పెద్ద నర్సు ఇదంతా చూసి, "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగింది. "ఇందాకటి దాకా చేశాను. ఇప్పుడు ఖాళీ" అంది వసపిట్ట. ఆమె ఇక్కడ చేరిన కథ అదే.

అప్పటి నుంచి ఆమె చూడని వింత లేదు. ముక్కులో పూస దూర్చుకున్న పాప, ఉంగరం వేలికి బిగుసుకుపోతే పెళ్ళికొడుకును కూడా లాక్కొచ్చిన పెళ్ళికూతురు, రోజంతా ఎక్కిళ్ళు ఆగని రేడియో వ్యాఖ్యాత. ఎవరొచ్చినా ఆమె మంచం తలవైపు చేరుతుంది. "ఏం అన్నా, ఏం చేశావు?" అని మొదలుపెడుతుంది. మాట ఎక్కడెక్కడో తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ తన పని ముగించేస్తుంది.

ఆసుపత్రికి కొత్త పెద్ద డాక్టరు రావడంతో ఈ కబుర్లకు గండం వచ్చింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. కానీ గొడ్డలి చేతికిచ్చి, ఏ చెట్టు అనవసరమో తేల్చమంటే ఎవరికైనా ప్రతి చెట్టూ అనవసరంగానే కనిపిస్తుంది. అత్యవసర గదుల్లో సహాయకులు ఎక్కువైపోయారని ఆయనకు తోచింది. స్ట్రెచరు తోయడానికి విభాగం మొత్తానికీ ఒక మనిషి సరిపోతుందన్నాడు.

"తల దగ్గర నిలబడి కబుర్లు చెప్పడానికి ఒక మనిషా?" అని అడిగాడు డాక్టరమ్మని.

"కబుర్లు కాదు సార్. ఆవిడ ఉంటే నొప్పి తగ్గుతోంది. మత్తు సూది అవసరం పడటం లేదు."

"తెలుసా, అనిపిస్తోందా?"

డాక్టరమ్మ నిజాయితీపరురాలు. "అనిపిస్తోంది సార్" అంది.

"అయితే తెలుసుకుని రా. తేలితే ఉంచుదాం. తేలకపోతే ఏడాది చివర ఆవిడ కాంట్రాక్టు ముగిసిపోతుంది."

అలా వసపిట్ట మాటల మీద ఒక పరిశోధన మొదలైంది. దానికి భుజం కీలు జారిన వాళ్ళను ఎంచుకున్నారు. జారిన భుజాన్ని ఎక్కించడానికి బలం కంటే ఓర్పు ముఖ్యం. రోగి భయపడి కండరం బిగించాడా, ఎముక గూటిలోకి పోదు. మత్తు సూది ఇవ్వాల్సిందే. మనిషి వదులుగా ఉంటే, చేతిని మెల్లగా బయటికి తిప్పుతుంటే, ఎముక తన ఇంటికి తనే పోతుంది. మాటలకు ఏదైనా శక్తి ఉంటే ఇక్కడే బయటపడాలి.

"సగం మందికి నువ్వు మామూలుగా మాట్లాడతావక్కా. మిగతా సగానికి నోరు మెదపకూడదు" అని చెప్పింది డాక్టరమ్మ.

"ఏ సగానికి?"

"అది నేనూ చెప్పలేను. నర్సు కవరు చింపుతుంది. పచ్చ చీటీ వస్తే మాట్లాడాలి. తెల్ల చీటీ వస్తే మౌనం."

"తెల్ల చీటీ వచ్చినోళ్ళు ఏం పాపం చేశారు తల్లీ?"

"పాపం కాదక్కా. నొప్పి తగ్గింది నీ మాటల వల్లా, నా చేతుల వల్లా, లేకపోతే దానంతటదే తగ్గిందా? పోల్చి చూస్తేగా తెలిసేది!"

వసపిట్ట తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. "ఫ్యాను ఆపి చూస్తేగానీ గాలి దానిదో కిటికీదో తెలీదంటావు."

"అదే! సరిగ్గా అదే!"

ఇదంతా ప్రతి రోగికీ ముందే చెప్పాలి. ఒప్పుకుంటేనే తీసుకోవాలి. వద్దంటే మామూలు వైద్యం మామూలుగానే జరగాలి. ఆ విషయంలో డాక్టరమ్మ చాలా గట్టిది. మనిషికి చెప్పకుండా అతని ఒంటి మీద చేసేది పరిశోధన కాదు, దొంగతనం అనేది. నొప్పితో మెలికలు తిరిగేవాడికి ఓపికగా రెండోసారి కూడా చెప్పేది. ఆపదలో ఉన్నవాడికి హక్కులేమిటని అనుకునే వాళ్ళు ఉన్నారు. అసలు హక్కులు అవసరమయ్యేది ఆపదలోనే.

ఇక మౌనం నేర్చుకోవాలి. వసపిట్ట ఇంట్లో సాధన మొదలుపెట్టింది. ఆమె భర్త పుస్తకాలకు అట్టలు కట్టే పనివాడు. జిగురు, దారం, కత్తెర, అట్ట, వీటి మధ్య పొద్దంతా గడిపే మనిషికి మాటలతో పెద్దగా పని పడలేదు. ఇంట్లో మాటల వాటా మొత్తం ఆయన భార్యకే వదిలేశాడు. కూతురు కాలేజీలో చదువుతోంది.

ఆ సాయంత్రం వసపిట్ట ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, భోజనాలు వడ్డించి, నోరు మూసుకుని కూర్చుంది. మొదట కూతురు సంబరపడింది. ఇంట్లో గోడ గడియారానికి చప్పుడుందని ఆ పిల్లకి అప్పుడే తెలిసిందట. కాసేపటికి ఆయన ముద్ద ఆపి భార్య వైపు చూశాడు. మళ్ళీ చూశాడు. లేచి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"ఏమైంది? ఒంట్లో బాగోలేదా? ఎవరైనా ఏమన్నా అన్నారా? నేనేమైనా అన్నానా? డాక్టరు దగ్గరికి పోదామా? నువ్వు ఉండేదే డాక్టర్ల దగ్గర, ఇంకెక్కడికి పోతాం? అమ్మాయ్, చెప్పులు తొడుక్కో, ఆటో పిలు!"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అన్ని మాటలు ఒక్కసారే మాట్లాడటం అదే మొదలు. వసపిట్ట పగలబడి నవ్వింది. ఆ రోజు సాధన అక్కడితో సరి.

అయినా పట్టు వదల్లేదు. మొదటి తెల్ల చీటీ ఒక వడ్రంగి మేస్త్రీకి వచ్చింది. పెద్ద మనిషి, పెద్ద మీసం. వసపిట్ట మంచం తలవైపు నిలబడింది. ఎప్పటిలాగే ఆయన బాగున్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. పెదవులు లోపలికి మడుచుకుంది. మాట గొంతు దాకా వచ్చి, దారి లేక, కళ్ళలోకి ఎక్కింది. కనుబొమలు లేచాయి, బుగ్గలు ఉబ్బాయి, ఉబ్బిన బుగ్గలు మళ్ళీ దిగాయి. పాపం, మరుగుతున్న టీ గిన్నె మీద మూత ఎగిరినట్టు ఆమె మొహం ఎగిరెగిరి పడింది. మేస్త్రీ ఆ మొహం కేసి చూస్తూ చూస్తూ మీసం కింద నవ్వుకున్నాడు. భుజం ఎక్కింది.

"ఒక్క మాట కూడా రాలేదు! శభాష్ అక్కా!" అని నర్సు చప్పట్లు కొట్టింది.

"నా ప్రాణం పోయిందనుకో" అంది వసపిట్ట. ఆ తర్వాత ఆపుకున్నవన్నీ కలిపి నడవాలో కనపడ్డ ప్రతివాడికీ చెప్పింది.

అలా పచ్చ చీటీలు, తెల్ల చీటీలు తెరుస్తూ నెలలు గడిచాయి. బంతాట కుర్రాళ్ళు, బాత్రూములో జారిన బామ్మలు, మంచం మీంచి పడ్డ లాయరు. పరిశోధన ముగింపుకొచ్చాక ఒక ఉదయం, దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు ఒకతన్ని ఎవరో ఆటో డ్రైవరు తీసుకొచ్చి దించి వెళ్ళాడు. నిచ్చెన మీంచి పడ్డాడు. చొక్కా నిండా పసుపు రంగు. మాటా పలుకూ లేదు. నొప్పి అలాంటిదనుకున్నారు. డాక్టరమ్మ ఎదురుగా నిలబడి అంతా వివరించి, అచ్చు కాగితం ఇచ్చింది. అతను ఒక్కో వాక్యం శ్రద్ధగా చదువుకుని, తల ఊపి, బాగున్న చేత్తో సంతకం చేశాడు. నర్సు కవరు చింపింది. పచ్చ చీటీ.

వసపిట్ట విజృంభించింది.

"ఏం తమ్ముడూ, నిచ్చెన ఎక్కేటప్పుడు ఎక్కావు, దిగేటప్పుడు దాన్ని మర్చిపోయావా? ఏం రాస్తున్నావు? మిఠాయి కొట్టా? సగం అక్షరంలో పడుంటావు. ఇప్పుడా కొట్టువాడు సగం పేరుతోనే వ్యాపారం చేసుకోవాలి. మా వీధిలో ఒక బోర్డుంది, చూశావా? 'ఇక్కడ చెత్త వేయరాదు' అని. దాని కిందే వేస్తారు. బోర్డు నీడగా ఉంటుందని!"

చెత్త సంచి విసిరేసి దొంగలా అటూ ఇటూ చూసే మనిషిని ఆమె మొహంతోనూ మెడతోనూ చూపించింది. అతను కన్నార్పకుండా ఆమెనే చూశాడు. నవ్వాల్సిన చోటల్లా నవ్వాడు. భుజం ఎప్పుడు గూటికి చేరిందో డాక్టరమ్మకు తప్ప ఎవరికీ తెలియలేదు. నొప్పి ఎంతో చెప్పమని మొహాల బొమ్మల పట్టీ ముందు పెడితే, చివర నవ్వుతున్న బొమ్మ మీద వేలు పెట్టాడు.

అప్పుడే అతని అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే తమ్ముడితో గబగబా చేతులతో మాట్లాడటం మొదలుపెట్టింది. అతను బాగున్న చేత్తో బదులిచ్చాడు.

నర్సు నోరు తెరిచింది. "చేతులతో మాట్లాడుతున్నారేంటమ్మా?"

"వాడికి పుట్టుచెవుడండీ. మీకు చెప్పలేదా? వాడు చెప్పడు, అందరికీ తెలిసిపోయిందనుకుంటాడు."

గదిలో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. పడినా, అతనికొక్కడికీ వినపడేది కాదు.

"డాక్టర్, ఇతన్ని పచ్చలో వేయాలా, తెల్లలో వేయాలా?" అని నర్సు గుసగుసలాడింది.

"ఇంతసేపూ నేను చెప్పిందంతా మరి..." వసపిట్ట మాట మింగేసింది. నోటిదాకా వచ్చిన సామెత అలాంటిది. అక్క కనిపెట్టేసింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందనేగా? ఊదండి, ఏం పర్లేదు. మా వాడు శంఖం వినడు, ఊదేవాళ్ళ బుగ్గలు చూస్తాడు. అందులోనే వాడికి సంగీతమంతా."

పెయింటరు అక్కతో ఏదో అని, వసపిట్ట వైపు తిరిగి, వేళ్ళన్నీ పిట్ట ముక్కులా చేర్చి నోటి పక్కన టపటపా తెరిచి మూశాడు.

"మీకు పేరు పెట్టాడు. చేతుల భాషలో ఇక మీరు ఇదే" అంది అక్క.

ఆ ముక్కును చూసి గదంతా ఘొల్లుమంది. చెవులున్నవాళ్ళు ఎన్నేళ్ళ కిందటో పెట్టిన పేరునే చెవులు లేనివాడు ఒక్క గంటలో పెట్టాడు.

నవ్వు అక్కడితో ఆగింది. ఆ వారంలోనే డాక్టరమ్మ లెక్కలన్నీ కలిపి చూసింది. రెండు గుంపులకూ తేడా లేదు. మాటలు విన్నవాళ్ళలో మత్తు సూది అవసరమైంది ఏ కొద్దిమందికో. మౌనం వచ్చినవాళ్ళలోనూ అంతే. నొప్పి బొమ్మలూ అంతే.

"ఆ పెయింటర్నీ, ఇంకో ఇద్దర్నీ తీసేసి చూడండి డాక్టర్. కాస్త తేడా వస్తుందేమో" అంది నర్సు. ఆమె వసపిట్ట మీది ప్రేమ కొద్దీ అంది.

"లెక్క కుదరడం కోసం మనుషుల్ని తీసేస్తే పెద్ద డాక్టరుకీ నాకూ తేడా ఏముంది?" అంది డాక్టరమ్మ. ఆ మాట అని, తల పట్టుకుని కూర్చుంది.

వసపిట్టకు దాచకుండా చెప్పారు. ఆమె విని, చేతిలోని దుప్పటిని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"అయితే నేను నోరు తెరిచినా ఒకటే, మూసినా ఒకటేనన్నమాట. మా సూపర్‌వైజరు ఇదే అనేవాడు."

ఆ రోజు నుంచి ఆమె స్ట్రెచర్లు తోసింది, దుప్పట్లు మార్చింది, నెత్తురు తుడిచింది. తలవైపు నిలబడలేదు. చీటీ లేకుండానే మౌనం. నర్సులు జోకుల్ని కావాలని తప్పుగా చెప్పి సరిదిద్దుతుందేమోనని చూశారు. సరిదిద్దలేదు. ఏడాది చివర తరుముకొస్తోంది.

భుజం చూపించుకోవడానికి పెయింటరు అక్కతో మళ్ళీ వచ్చాడు. వసపిట్ట ఒక మూల దుప్పట్లు సర్దుతోంది. అతను చేతిని ముక్కులా చేసి పలకరించాడు. ఆమె ఊరికే తల ఊపింది. అతను ఊరుకుంటాడా? ఆ రోజు ఆమె చేసిన ప్రదర్శన మొత్తం తిరిగి చేశాడు. నిచ్చెన మర్చిపోయిన మనిషి, సగం పేరు కొట్టువాడు, చెత్త సంచి దొంగ, ఆ దొంగ మెడ తిప్పిన తీరు. ఒక్క శబ్దం లేదు. డాక్టరమ్మ నవ్వింది, నర్సు నవ్వింది, పక్క మంచం మీద కాలు విరిగినాయన కాలు పట్టుకుని మరీ నవ్వాడు.

డాక్టరమ్మ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"అక్కా, ఇలా రా. తెల్ల చీటీ వచ్చినప్పుడు నువ్వు ఏం చేసేదానివో ఒకసారి చెయ్యి."

"ఏం చేసేదాన్ని? నోరు మూసుకుని చచ్చేదాన్ని."

"అదే, చచ్చి చూపించు."

వసపిట్ట అయిష్టంగానే పెయింటరు చెయ్యి పట్టుకుంది. పెదవులు మడిచింది. అంతే, పాత టీ గిన్నె మూత లేచింది. కనుబొమలు ఎగిరాయి, బుగ్గలు ఉబ్బాయి. పెయింటరు విరగబడి నవ్వి, అక్కతో చేతులతో ఏదో అన్నాడు.

"ఈవిడ నోరు మూసుకుంటే మరీ ఎక్కువ మాట్లాడుతోందంటున్నాడు" అంది అక్క.

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "ఎంత తెలివితక్కువ వాళ్ళమక్కా! మేం ఫ్యాను చప్పుడు ఆపాం. ఫ్యాను ఆపలేదు!"

అదీ జరిగింది. ఆమె లేని గదిని ఊహించడం ఆ విభాగంలో ఒక్కరికీ చేతకాలేదు. పరిశోధన రాసుకునేటప్పుడు మాటల్ని తీసేశారు గానీ మనిషిని తలవైపే ఉంచారు, చెయ్యి పట్టుకోనిచ్చారు. ఎప్పుడూ అక్కడుండే మనిషిని గోడలాగే లెక్కేసుకున్నారు. అలాంటి పొరపాటు ఆ గదిలో పనిచేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు.

పెద్ద డాక్టరు అంతా విన్నాడు. "అంటే మాటలతో పని లేదని తేలింది."

"మాటలు ఒక్కటే కాదని తేలింది సార్. మనిషి సంగతి తేలలేదు."

"అయితే ఆవిడను బయటికి పంపి చూడు."

"చూస్తాను సార్. రోగులు ఒప్పుకుంటేనే."

కొత్త చీటీలు, కొత్త కవర్లు సిద్ధమయ్యాయి. ఒక చీటీ వస్తే ఆమె ఉంటుంది, ఇంకోటి వస్తే గది బయట ఉంటుంది. కానీ ఆ కవర్లలో ఒక్కటి కూడా చింపే అవసరం రాలేదు. మొదట వచ్చిన టీచరమ్మ అంతా విని, "ఆవిడ బయటికి వెళ్ళే చీటీ కూడా ఉందా? అయితే నాకొద్దు" అంది. తర్వాతి కుర్రాడు అదే అన్నాడు. ఆ తర్వాతి పెద్దాయన, "చీటీ తీసే ఓపిక నాకు లేదు, ఆవిణ్ణే ఉండమనండి" అన్నాడు. ఇన్నాళ్ళ మౌనం తర్వాత వసపిట్ట మొహంలో రంగు తిరిగొచ్చింది. మాటా తిరిగొచ్చింది.

పెద్ద డాక్టరుకు నమ్మకం కలగలేదు. "నువ్వు సరిగ్గా అడగడం లేదు. వాళ్ళని అటువైపు తోస్తున్నావు" అని డాక్టరమ్మతో అని, తనే స్వయంగా దిగి వచ్చాడు. ఆ సమయానికి మంచం మీద ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. తలుపంత మనిషి. భుజం జారి, చెయ్యి వేరే ఎవరిదో అయినట్టు పక్కన పట్టుకుని కూర్చున్నాడు. వసపిట్ట తలవైపు నిలబడి ఉంది. పెద్ద డాక్టరు ముందు నోరు విప్పకూడదని ఆమెకు గట్టిగా చెప్పి ఉంచారు.

"చూడు బాబూ, ఇదొక పరిశోధన" అని ఆయన చక్కగా, ఏ వైపూ తోయకుండా వివరించాడు. "ఒక చీటీ వస్తే ఈవిడ ఇక్కడే ఉంటుంది. ఇంకోటి వస్తే బయటికి వెళుతుంది. నీ వైద్యంలో ఏ లోటూ ఉండదు. ఒప్పుకుంటావా?"

"ఈ అక్క బయటికి పోతే ఇక్కడ ఎవరుంటారు?"

"డాక్టరు ఉంటారు. కావాలంటే నేనూ ఉంటాను."

డ్రైవరు ఆయన్ని పై నుంచి కింది దాకా ఒకసారి చూశాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, వెనక్కి కట్టుకున్న చేతులు. తర్వాత వసపిట్టను చూశాడు. ఆమె అప్పటికే అతని చెయ్యి పట్టుకుని ఉంది. మాట ఆపుకోలేక బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"ఏమనుకోకండి సార్, దీనికి చీటీలెందుకు? తమరే బయటికి వెళ్ళండి."

ఎవరూ నవ్వలేదు. ఎవరికీ ధైర్యం చాల్లేదు. మొట్టమొదట నవ్వింది పెద్ద డాక్టరే. ముందు ముక్కుతో, తర్వాత పొట్టతో. నవ్వుతూనే తలుపు దాకా వెళ్ళి, బుద్ధిగా గుమ్మం అవతల నిలబడ్డాడు.

"అన్నా, ఎంత మాటన్నావు! ఆయన ఈ ఆసుపత్రికే యజమాని లాంటోడు" అని మొదలుపెట్టింది వసపిట్ట. "నువ్వు లారీ కూడా ఇలాగే తోలతావా, ఎదురొచ్చినోణ్ణల్లా పక్కకి పొమ్మని?" డ్రైవరు గదులదిరేలా నవ్వాడు. భుజం గూటికి చేరింది.

గుమ్మం అవతల నుంచి ఇదంతా చూసిన పెద్ద డాక్టరు, "ఎంతమందిని అడిగావు?" అన్నాడు.

"వచ్చిన ప్రతి ఒక్కర్నీ సార్."

"ఒప్పుకున్నవాళ్ళు?"

"ఒక్కరూ లేరు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంతకంటే తేలిన లెక్క నేను చూడలేదు. ఇదే రాయి."

డాక్టరమ్మ అదే రాసింది. మొదటి పరిశోధన ఎలా విఫలమైందో, ఆ పొరపాటు తమదేనని, రెండోది ఎందుకు మొదలే కాలేదో, ఉన్నదున్నట్టు రాసింది. దీంతో మాటలకు నొప్పి తగ్గించే శక్తి ఉందని రుజువు కాలేదని కూడా రాసింది. రుజువైంది ఒక్కటే: నొప్పిలో ఉన్న మనిషి తన పక్కన మనిషి ఉండాలని కోరుకుంటాడు, ఆ కోరికను ఎవరూ చీటీకి వదిలేయరు. రచయితల వరసలో వసపిట్ట అసలు పేరు కూడా వేసింది. ఎవరి మొహం మీద పరిశోధన జరిగిందో వాళ్ళ పేరు లేకుండా ఎలాగని డాక్టరమ్మ వాదన.

కాంట్రాక్టు ముగియలేదు సరికదా, ఉద్యోగం ఖాయమైంది. ఆ కబురు చెప్పినప్పుడు వసపిట్ట పెద్ద డాక్టరుతో పేచీ పెట్టుకుంది.

"నాకొక్కదానికేనా సార్? నా సెలవు రోజున భుజం జారినోడి గతేంటి? వాడు నా డ్యూటీ చూసుకుని పడతాడా?"

ఆమె వెనక మిగతా సహాయకులంతా నీలం యూనిఫాముల్లో నిలబడి ఉన్నారు. పెద్ద డాక్టరు మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. ఇప్పుడా విభాగంలో ఏ వేళకు వెళ్ళినా ప్రతి మంచం తలవైపూ ఒక మనిషి ఉంటారు. అందరూ వసపిట్టలు కారు. ఒకాయన పాటలు పాడతాడు, అదీ శ్రుతి లేకుండా. రోగులు అది ఆపించడం కోసమైనా త్వరగా కోలుకుంటారని నర్సులు అంటారు.

పరిశోధన అచ్చయి వచ్చిన రోజు వసపిట్ట ఆ నాలుగు కాగితాలు ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టింది. కూతురు చదివి అర్థం చెప్పింది. భర్త ఆ కాగితాలు పట్టుకుని పనికి పోయాడు. కొన్ని రోజులకు నీలం గుడ్డ అట్ట, బంగారు రంగు అక్షరాలతో, చేతికి బరువుగా ఒక పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తెరిచి చూసింది. ముందు ఆ నాలుగు అచ్చు కాగితాలు. వాటి వెనక అన్నీ తెల్ల కాగితాలే, దళసరిగా, బోలెడన్ని.

"ఏమయ్యా, ఇవన్నీ ఎందుకు?"

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, వినడానికి సిద్ధమైనవాడిలా కూర్చున్నాడు.

"నాలుగు కాగితాలు నీకు సరిపోతాయా?" అన్నాడు.